మాట పడిపోయిన మనిషి

పక్షవాతం వచ్చినవారి గురించి మనవాళ్లు "మాట పడిపోయింది" అంటూంటారు. మాట పడిపోతే తెలివి కూడా పోయినట్టేనా? ఈ ప్రశ్నకు 1861లో పారిస్ దగ్గర ఒక ఆసుపత్రిలో జవాబు దొరికింది. ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు మెదడు పైపొర సంగతి. దీన్ని కార్టెక్స్ అంటారు. తెలుగులో మస్తిష్క వల్కలం. వల్కలమంటే చెట్టు బెరడు. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే అయినా, ఇందులో సుమారు 1,600 కోట్ల నాడీకణాలున్నాయి. పుర్రెలో ఇమడడానికి అక్రోటు పప్పులా ముడతలు పడి ఉంటుంది. చూపు వెనక భాగంలో, వినికిడి చెవుల పక్కన, కదలికలు, ఆలోచన ముందు భాగంలో. ఒక్కో చోటుకి ఒక్కో పని ఉందని ఇవాళ బడిపిల్లలు కూడా చెబుతారు. అప్పట్లో మాత్రం పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే దీని మీద వాదులాడుకునేవారు.

బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఉండేవాడు. సుమారు 30 ఏళ్ల వయసులో ఆయనకు మాట పోయింది. ఏమడిగినా "తాన్, తాన్" అనేవాడు. అందుకని అందరూ ఆయన్ని తాన్ అనే పిలిచేవారు. తరవాత కుడి చెయ్యి, కుడి కాలు కూడా పడిపోయాయి. 1861 ఏప్రిల్లో కాలు బాగా చెడిపోయి, పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి చేరాడు. ఇక్కడ ఎన్నేళ్లనుంచి ఉంటున్నావని బ్రోకా అడిగాడు. తాన్ అయిదు వేళ్లూ నాలుగుసార్లు చూపించి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. అంటే 21. లెక్క సరిగ్గా సరిపోయింది!

ఏప్రిల్ 17న తాన్ చనిపోయాడు. మెదడు పరీక్షిస్తే ఎడమవైపు ముందు భాగంలో ఒకచోట దెబ్బతిని కనిపించింది. మాట పలికించే పని ప్రధానంగా ఎడమ భాగానిదేనని 1865లో బ్రోకా ప్రకటించాడు. 1874లో కార్ల్ వెర్నికె ఇంకో సంగతి చెప్పాడు. ఎడమ చెవి దగ్గరి భాగం దెబ్బతింటే మాట ధారాళంగానే వస్తుంది, కానీ అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ బోధపడదు. భద్రపరిచిన తాన్ మెదడుని స్కాన్ చేసి, దెబ్బ పైపొరతో ఆగలేదని, బాగా లోతుకి పోయిందని 2007లో పరిశోధకులు చూపించారు. అంటే మాట ఒక్కచోటి పని కాదు, ఆ చోట్లను కలిపే దారులు కూడా బాగుండాలి.

ఇది మనకెందుకంటారా? మన దగ్గరికి వచ్చిన అమ్మకో, మావగారికో పరాయి దేశంలో మాట పడిపోవచ్చు. మాట తడబడినా, మూతి వంకరపోయినా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి. 1895లో ఫ్రాన్సులోనే పిత్ర్ అనే వైద్యుడు, రెండు మూడు భాషలు వచ్చిన రోగులకు అన్నీ ఒకేలా తిరిగిరావని రాశాడు. కాబట్టి ఇంగ్లీషు ప్రశ్నకు జవాబు రాలేదని నిరాశపడకండి. తెలుగులోనూ పరీక్షించమని, దుబాసీని పిలిపించమని డాక్టర్లను అడగండి. వాళ్ల మంచం పక్కనే నిలబడి "ఆవిడకేం తెలియడం లేదండీ" అనుకోవద్దు. నెమ్మదిగా, ఒక్కో ప్రశ్నే అడిగి, వాళ్ల చేతివేళ్ల వంక చూడండి. తాన్ అలాగే జవాబిచ్చాడు.