పదహారు సిలిండర్ల చప్పుడు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంత తటపటాయించాను. ముప్పైఆరేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో నోట్‌ఫైళ్ళు వ్రాసినవాడినే గాని చరిత్రకారుణ్ణి కాను. అయితే ఒక ఇంజను కథ కొంతకాలంగా మనసులో మెదులుతున్నది. అది మా అన్నయ్య కథ కూడా. అందుచేత సాహసిస్తున్నాను. సభ్యులు పెద్ద మనసుతో చదవగోరుతాను.

మా అన్నయ్య వాల్తేరు డీజిల్ షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా పదవీ విరమణ చేశాడు. కొత్తవలస - కిరండోల్ లైను 1960ల చివరలో తెరుచుకున్నది. బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు ఎగుమతి చేయడానికి వేసిన లైను అది. తూర్పు కనుమలలో సొరంగాల గుండా, వంతెనల మీదుగా అరకు, కోరాపుట్ దాటి వెళ్ళే ఆ దారిలో 1980ల మొదట్లో కరెంటు తీగలు వచ్చేవరకూ ఖనిజం బండ్లను లాగినవి డీజిల్ ఇంజన్లే. వాటిలో ముఖ్యమైనది డబ్ల్యు.డి.ఎం.-2. ‘డబ్ల్యు’ అంటే బ్రాడ్‌గేజి, ‘డి’ అంటే డీజిలు, ‘ఎం’ అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకీ రెండింటికీ పనికివచ్చేది. పదహారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి.

అన్నయ్యకు ఆ ఇంజనే ప్రపంచం. ఇంటికి వస్తే బట్టల నిండా నూనె వాసన. భోజనాల దగ్గర కూడా టర్బో, గవర్నరు, ఇంజెక్టరు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. నిజం చెప్పాలంటే, వాడి పని కంటే నా పని ఒక మెట్టు పైదని లోలోపల అనుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది.

1970లలో నా దగ్గర అగ్ఫా క్లిక్ కెమెరా ఉండేది. ఒకసారి అన్నయ్యను ఇంజను పక్కన నిలబెట్టి ఒక స్టేషనులో ఫోటో తీశాను. ఆ రోజుల్లో అనుమతి లేనిదే రైల్వే ఆవరణలో ఫోటోలు తీయకూడదు. ఒక ఉద్యోగి వచ్చి కెమెరా తెరిచి రోలు బయటికి లాగేశాడు. అన్నయ్య నవ్వి, “పోనీలేరా, ఇంజను ఎక్కడికి పోతుంది, మళ్ళీ తీద్దాం” అన్నాడు. మళ్ళీ తీయలేదు. 2009లో అన్నయ్య పోయాడు. పెళ్ళి ఫోటో ఉన్నది, పదవీ విరమణ నాటి పూలదండల ఫోటో ఉన్నది. పనిలో ఉన్న ఫోటో ఒక్కటీ లేదు.

ఇక అసలు విషయం. 2022 వేసవిలో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు ఉన్నాను. అక్కడికి సుమారు రెండు గంటల కారు ప్రయాణంలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్క్రాంటన్ అనే ఊరున్నది. ఒక ఆదివారం అల్లుడు మమ్మల్ని అక్కడి స్టీమ్‌టౌన్ రైల్వే మ్యూజియానికి తీసుకెళ్ళాడు. ఆవిరి ఇంజన్లు చూస్తూ ఉండగా యార్డు వైపు నుండి ఒక చప్పుడు వినిపించింది. బుడబుడమంటూ, మధ్యలో ఊపిరి ఎగబీల్చినట్లు ఉండే చప్పుడు. నిలుచున్నచోటే ఆగిపోయాను. అది వాల్తేరులో మా క్వార్టర్సులో రాత్రిళ్ళు విన్న చప్పుడే!

అది పొరపాటు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ ఇంజన్లు డెలావేర్ - లక్కవాన్నా అనే చిన్న సరుకు రవాణా రైల్వేవి. 1993 నుండి నడుస్తున్న ఆ రైల్వే ‘ఆల్కో’ వంశపు ఇంజన్లనే వాడుతుంది. మన డబ్ల్యు.డి.ఎం.-2 కూడా ఆల్కో బిడ్డే.

ఆల్కో అంటే అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ. 1901లో ఎనిమిది ఇంజన్ల కర్మాగారాలు కలిసి ఏర్పడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ దాని ప్రధాన స్థానం. కలిసినవాటిలో డిక్సన్ అనే కర్మాగారం స్క్రాంటన్‌దే కావడం విశేషం. ఆవిరి ఇంజన్లలో పేరు పొందిన ఆ కంపెనీ 1948లో వాటి తయారీ ఆపి పూర్తిగా డీజిలు వైపు తిరిగింది. అయితే తొందరపడి తెచ్చిన ‘244’ రకం ఇంజను తరచు మొరాయించి చెడ్డపేరు తెచ్చింది. దాని తప్పులు దిద్ది తయారు చేసినదే ‘251’. అప్పటికే ఆలస్యమైంది. విద్యుత్ పరికరాలు సరఫరా చేసే భాగస్వామి జనరల్ ఎలక్ట్రిక్ 1953లో విడిపోయి, 1960 నాటికి సొంత ఇంజన్లతో పోటీకి దిగింది. 1969లో ఆల్కో ఇంజన్ల తయారీ మానేసింది.

విచిత్రమేమిటంటే, అదే 1969లో అపోలో 11 రాకెట్టును ప్రయోగ వేదిక వద్దకు మోసుకెళ్ళిన బ్రహ్మాండమైన బండికి శక్తినిచ్చినవి ఆల్కో 251 ఇంజన్లే. చంద్రుడి దారిలో మొదటి నాలుగడుగులు వేయించినది మా అన్నయ్య విప్పి బిగించిన ఇంజను వంశమే!

తల్లి పోయినా పిల్లలు బ్రతికారు. కెనడాలో మాంట్రియల్ కర్మాగారం 1980ల వరకూ ఆ నమూనాలను తయారు చేసింది. మన దేశానికి ఆల్కో 1957-58లో వంద ఇంజన్లు పంపింది. అవి డబ్ల్యు.డి.ఎం.-1లు. 1962లో డబ్ల్యు.డి.ఎం.-2 వచ్చింది. 1964 జనవరిలో వారణాసి డీజిల్ కర్మాగారం నుండి మొదటి ఇంజను బయటికి వచ్చింది. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలలో ఈ ఒక్క తరగతిలోనే 2,700కు పైగా ఇంజన్లు పట్టాలెక్కాయి. పుట్టింట్లో ఓడిపోయిన ఇంజను మెట్టినింట్లో ఇల్లాలై నిలిచిందన్నమాట.

స్క్రాంటన్ కథ కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆంత్రసైట్ బొగ్గుతో వెలిగిన ఊరు. బొగ్గు తగ్గాక రైల్వేలూ తగ్గాయి. న్యూయార్క్ వైపు నుండి బఫెలో నగరానికి వెళ్ళే ప్రధాన మార్గం 1960లో ఎరీ కంపెనీతో కలిసి ఎరీ లక్కవాన్నా అయింది, 1976లో కాన్‌రైల్ చేతికి పోయింది. వారు అక్కరలేదని వదిలేసిన పట్టాలను స్థానిక ప్రభుత్వ సంస్థలు దక్కించుకుని, నడిపే పని చిన్న కంపెనీకి అప్పగించాయి. పెద్ద కంపెనీకి గిట్టుబాటు కాని నాలుగు వ్యాగన్ల బేరం చిన్న కంపెనీకి బువ్వ పెడుతుంది. పోకోనో కొండల మీది పిండి మిల్లుకు గోధుమలు చేరవేయడం వారి ముఖ్యమైన పనులలో ఒకటి.

పాత ఇంజన్లు ఎందుకంటే, చౌకగా దొరుకుతాయి. ఒకే జాతివి కావడంతో ఒకదాని భాగం ఇంకొకదానికి పనికివస్తుంది. పనివాళ్ళకు వాటి జబ్బులన్నీ తెలుసు. ఎరీ లక్కవాన్నా 1964లో కొన్న సి-425 తరగతి ఇంజన్లు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రైల్వేకు బదిలీ అయి, కొన్ని దశాబ్దాల తర్వాత తిరిగి ఈ పట్టాలకే వచ్చాయి. వాటి సర్వీసు రిజిస్టరు మనలో చాలామంది సర్వీసు రిజిస్టర్ల లాగానే ఉంటుంది. దూరపు జిల్లాలు తిరిగి, చివరికి సొంత ఊరు.

ఇంకొక సంగతి మన సభ్యులకు నచ్చుతుంది. అమెరికాలో ఇటువంటి పాత ఇంజన్లను 92 రోజులకొకసారి తనిఖీ చేసి, ఆ కార్డును క్యాబులో ఉంచాలట. మనం ఏడాదికొకసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికే విసుక్కుంటాం. అవి ఏడాదికి నాలుగుసార్లు బ్రతికి ఉన్నామని నిరూపించుకోవాలి!

ఆ తర్వాత మరో రెండుసార్లు మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. స్క్రాంటన్ నుండి కొండ ఎక్కే దారిలో మాస్కో అనే చిన్న ఊరున్నది. రష్యాది కాదు, పెన్సిల్వేనియాదే. రైల్వే స్థలంలో అడుగు పెట్టకుండా, రోడ్డు పక్కన నిలబడి కాచుకున్నాం. ఫోటో తీయడానికి సూర్యుడు మన వీపు వైపు ఉండాలని, ఇంజను దగ్గరికి రాకముందే మీట నొక్కాలని మనవడు నేర్పాడు. గంటన్నర తర్వాత చెట్ల పైన ముందు పొగ, తర్వాత చప్పుడు, ఆ తర్వాత బండి. మాంట్రియల్‌లో పుట్టిన ఎం-636 ముందున్నది. 3,600 అశ్వశక్తి, అవే పదహారు సిలిండర్లు. వెనుక గోధుమల వ్యాగన్లు.

డ్రైవరు నాచ్ పెంచగానే నల్లటి పొగ ఎగజిమ్మింది. దానికి కారణం అన్నయ్య ఏనాడో చెప్పాడు. నూనె వెంటనే సిలిండర్లోకి వెళుతుంది గాని, టర్బో వేగం అందుకుని తగినంత గాలి తోసేసరికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ లోపల కాలీ కాలని నూనె పొగవుతుంది. నేను అప్పుడు వినీ వినకుండా తలాడించాను. యాభై ఏళ్ళ తర్వాత అదే పాఠం మనవడికి అప్పజెప్పాను. “నీకెలా తెలుసు తాతయ్యా?” అన్నాడు. “మా అన్నయ్య చెప్పాడు” అన్నాను. ఆ మాట గర్వంగా అనడం అదే మొదటిసారి.

ఆ రాత్రి విశాఖలో ఉన్న వదినకు ఫోన్లో వీడియో వినిపించాను. ఆవిడకు ఎనభై దాటాయి. కాసేపు మాట లేదు. తర్వాత, “ఈ చప్పుడుకే కదా బాబూ మీ అన్నయ్య చెవులు పోయినవి” అన్నది. లోడ్ బాక్స్ పరీక్షలో నిలబెట్టిన ఇంజనును పూర్తి నాచ్‌లో నడుపుతూ పక్కనే పనిచేసేవారు. రిటైరయ్యేనాటికి అన్నయ్యకు సరిగా వినిపించేది కాదు. మేము గట్టిగా అరిచి చెప్పి విసుక్కునేవాళ్ళం. వదిన మళ్ళీ, “ఇంకొకసారి పెట్టు” అన్నది. మూడుసార్లు పెట్టాను.

మన దేశంలో బ్రాడ్‌గేజి లైన్లు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయినవి. వారణాసి కర్మాగారం పేరు 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది. అక్కడ ఇప్పుడు విద్యుత్ ఇంజన్లు తయారవుతున్నాయి. ఆల్కో జాతివి ఏటేటా తుక్కుకు పోతున్నాయి. అది మంచికే కావచ్చు. పొగ తగ్గుతుంది, ఫిట్టర్ల చెవులు దక్కుతాయి. నాకు ఆక్షేపణ లేదు. ఇంజను ఎక్కడికీ పోదనుకోవడమే మేము చేసిన తప్పు.

చివరిగా ఒక మనవి. మీ ఇళ్ళలో పనిలో ఉండగా తీసిన ఫోటోలు ఉంటే, అది షెడ్డు కానివ్వండి, ఆఫీసు కానివ్వండి, బడి కానివ్వండి, వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాసి పెట్టండి. లేనివారు ఆ మనిషి చేసిన పని ఏమిటో పిల్లలకు ఒకసారి వివరంగా చెప్పండి. మాస్కోలో తీసిన ఫోటో ఒకటి పెద్దది చేయించి వదినకు ఇచ్చాను. అన్నయ్య పూలదండల ఫోటో పక్కనే తగిలించింది.