సర్వ్‌లెట్ నుంచి స్ప్రింగ్ దాకా: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వెబ్ చదువు

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఉండగా, దానికి దక్షిణాన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మిర్యాలగూడ ఉంది. 1967లో సాగర్ నీళ్లు వదిలిన తరువాత ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర ప్రధానంగా వరి సాగు, బియ్యం మిల్లులు, సున్నపురాతి నేలల్లో వెలసిన సిమెంటు కర్మాగారాలు, రోడ్డు రవాణా చుట్టూ తిరిగింది. 2000 తరువాత ఈ పట్టణాల యువత పెద్ద సంఖ్యలో చేపట్టిన మరో వృత్తికి, అంటే వెబ్ ప్రోగ్రామింగ్‌కు, ఆ చరిత్రలో దాదాపు చోటు దక్కలేదు. చదువు ఇక్కడ మొదలైనా పని హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో జరగడమే దానికి కారణం కావచ్చు. ఆ వృత్తికి ఆధారమైన సరంజామా చాలావరకు ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ ఫ్రేమ్‌వర్కులే. వాటికి ధర లేకపోవడం అనే సౌకర్యాన్ని ఈ ప్రాంతం పూర్తిగా వాడుకుంది గాని, వాటి లైసెన్సు ఇచ్చిన రెండో హక్కును, అంటే లోపలి కోడ్‌ను చదివి మార్చుకునే హక్కును, చాలాకాలం ముట్టుకోలేదు.

రాష్ట్రంలో సర్కారు కచేరీలకు కంప్యూటరు రావడం ఈ పట్టణాల ఇంజినీరింగు చదువుకు కొంచెం ముందే మొదలైంది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో ‘కార్డ్’ పేరుతో దస్తావేజుల నమోదును కంప్యూటరు మీదికి మార్చింది. అదే నెలలో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ ఊపులోనే జిల్లాల్లో ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలు వెలిశాయి. కోదాడ దగ్గర అనంతగిరిలో 2001లో అనురాగ్ ఇంజినీరింగ్ కళాశాల ఏర్పడగా, సూర్యాపేట, మిర్యాలగూడల పరిసరాల్లో మరికొన్ని దాన్ని అనుసరించాయి. 2008-09 నుంచి ప్రభుత్వం బోధన రుసుమును తిరిగి చెల్లించే పథకాన్ని అమలు చేయడంతో, సన్నకారు రైతుల పిల్లలకు కూడా బీటెక్ అందుబాటులోకి వచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగు కళాశాలల సంఖ్య ఏడువందలకు చేరువైంది.

జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలన్నింటికీ సిలబస్ ఒక్కటే కాబట్టి, కోదాడ విద్యార్థి, హైదరాబాదు కూకట్‌పల్లి విద్యార్థి ఒకే ప్రయోగశాల పుస్తకం నింపేవారు. ‘వెబ్ టెక్నాలజీస్’ అనే ఆ పాఠ్యాంశపు ప్రయోగాల్లో ఆన్‌లైన్ పుస్తకాల దుకాణం ఒకటి కట్టాలి: మొదట హోం పేజీ, లాగిన్ పేజీ, పుస్తకాల జాబితా, కొనుగోలు బుట్ట, నమోదు పత్రం, తరువాత టామ్‌క్యాట్‌కు 4040, అపాచీకి 8080 అనే పోర్టు సంఖ్యలు ఇచ్చి ఆ సర్వర్లను స్థాపించాలి, ఆ తరువాత నలుగురు వాడుకరులను, వారి నాలుగు సంకేతపదాలను ఊహించుకుని, సరైన వారిని లోపలికి రానిచ్చి మిగతావారిని ఆపే సర్వ్‌లెట్ రాయాలి. సర్వ్‌లెట్ అంటే బ్రౌజరు పంపిన విన్నపాన్ని సర్వరులో అందుకుని జవాబు తయారుచేసే చిన్న జావా ప్రోగ్రాము.  ఆ ప్రయోగాల వరుస ఒక మేలు చేసింది: నమోదు పత్రానికీ, లాగిన్‌కూ, జాబితాకూ మళ్లీ మళ్లీ అదే పని, అంటే విన్నపం విప్పడం, విలువలు సరిచూడడం, డేటాబేసును పిలవడం, పేజీ అల్లడం, ఎంత విసుగో విద్యార్థి చేతులకే తెలిసేలా చేసింది.

ఆ విసుగును తొలగించే ఉపాయమే ఫ్రేమ్‌వర్క్. సాధారణ కోడ్ లైబ్రరీని ప్రోగ్రాము పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్క్‌లో అది తలకిందులై, ఫ్రేమ్‌వర్కే నడుస్తూ, అవసరమైన చోట ప్రోగ్రామరు రాసిన ముక్కను అది పిలుస్తుంది. మిర్యాలగూడ మిల్లులో పొట్టు తీసే యంత్రాలు, జల్లెడలు, వాటి వరుస అన్నీ మిల్లువే, వడ్లు మాత్రం తెచ్చినవారివి అన్నట్టు, ఇక్కడ విన్నపం ప్రయాణించే దారి అంతా ఫ్రేమ్‌వర్క్‌ది, మధ్యలో పడే వ్యాపార నియమాలు మాత్రం ప్రోగ్రామరువి. ఆ దారి విభజనకు మూలం 1979లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో నార్వే శాస్త్రవేత్త ట్రిగ్వే రీన్‌స్కౌగ్ ప్రతిపాదించిన మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి: సమాచారాన్ని, దాని నియమాలను మోడల్ పట్టుకుంటుంది, వ్యూ దాన్ని తెర మీద చూపుతుంది, కంట్రోలర్ వాడుకరి చర్యలను అందుకుని ఆ రెంటినీ కదిలిస్తుంది.

జావా వెబ్‌లో ఆ పద్ధతిని స్థిరపరచినది క్రెయిగ్ మెక్‌క్లానహన్ రాసి 2000లో అపాచీ సంస్థకు అప్పగించిన స్ట్రట్స్. 2001లో దాని మొదటి సంపూర్ణ విడుదల వచ్చింది. అపాచీ లైసెన్సు ప్రకారం దాన్ని ఎవరైనా దించుకోవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని మూసి అమ్ముకోవచ్చు కూడా. మూలకర్తల ప్రకటనలను చెరపకపోతే చాలు. మార్చి పంచేవారు మార్పులనూ బయటపెట్టాలన్న, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమకర్త రిచర్డ్ స్టాల్‌మన్ తరహా లైసెన్సుతో పోలిస్తే ఇది వ్యాపారానికి అనుకూలమైనది, అందుకే బ్యాంకులు, బీమా సంస్థలు సంకోచం లేకుండా తీసుకున్నాయి. వాటికి పని చేసిపెట్టే హైదరాబాదు సంస్థలకు స్ట్రట్స్ తెలిసినవారు కావలసి వచ్చింది, ఆ అవసరమే సిలబస్ మీద కూడా పడింది. విశ్వవిద్యాలయపు ‘వెబ్ టెక్నాలజీస్’ చిట్టచివరి అధ్యాయంలో, డేటాబేసు పాఠాల తరువాత ఆఖరి మాటగా, స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్క్ పరిచయం చేరింది. చివరి అధ్యాయపు చివరి మాటకు తరగతిలో ఎంత సమయం దక్కుతుందో ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ వేరే చెప్పనక్కరలేదు.

ఆ లోటును పూరించినవి హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు. అక్కడి మైత్రివనం చుట్టుపక్కల బోర్డుల మీద కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ అని వరుసగా రాసి ఉండేది; ఆ వరుసే ఒక తరానికి పాఠ్యక్రమం. హైబర్నేట్ అంటే గావిన్ కింగ్ 2001లో మొదలుపెట్టిన, జావా వస్తువులను డేటాబేసు పట్టికలకు ముడివేసే ఫ్రేమ్‌వర్క్. స్ప్రింగ్ అంటే రాడ్ జాన్సన్ 2002లో ప్రచురించిన పుస్తకంలోని కోడ్ నుంచి పెరిగి 2004లో మొదటి సంపూర్ణ విడుదలకు చేరినది. సూర్యాపేట, కోదాడ కుర్రాళ్లు బస్సుల్లోనూ, మిర్యాలగూడ కుర్రాళ్లు సికింద్రాబాదు పోయే రైళ్లలోనూ వచ్చి, హాస్టళ్లలో ఉండి, ఉదయం ఒక కోర్సు, సాయంత్రం మరొక కోర్సు చేసేవారు. బోధకుడి నోట్సు జిరాక్సు దుకాణాల్లో కట్టలుగా అమ్ముడుపోయేది. ఒకవిధంగా ఇది చిత్రమే: స్ట్రట్స్ మూల కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉండగా, డబ్బు పెట్టి కొన్నది మాత్రం దాని గురించి చేతిరాతలో ఉన్న వివరణ. అయితే దీన్ని తప్పుపట్టడం తొందరపాటు. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో గాని మొదలుకాలేదు, తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవారికి ఇంగ్లీషు డాక్యుమెంటేషన్ మింగుడుపడేది కాదు, ఇంటర్వ్యూలో అడిగేది కోడ్ మార్పు గురించి కాదు, ఆకృతీకరణ ఫైలులో ఏ ట్యాగు తరువాత ఏ ట్యాగు వస్తుందని. అమీర్‌పేట ఆ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పింది. విశ్వవిద్యాలయం చేయని పని అది.

తెలుగులో చెప్పిన ఆ చదువు, తెలుగును తెర మీద చూపడం గురించి మాత్రం దాదాపు మౌనంగా ఉంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు అక్షరాలకు స్థానం దొరికింది, జావా భాష పుట్టుకతోనే యూనికోడ్‌ను లోపల వాడుకుంది. అయినా సర్వ్‌లెట్ నియమావళి, విన్నపంలో సంకేతలిపి ప్రస్తావన లేకపోతే, పశ్చిమ యూరపు అక్షరాల పట్టికనే వర్తింపజేసేది. దాంతో పత్రంలో తెలుగులో నింపిన పేరు డేటాబేసుకు చేరేసరికి ప్రశ్నార్థకాలుగానో, అర్థంలేని గుర్తులుగానో మారిపోయేది. విన్నపం విప్పకముందే సంకేతలిపిని ప్రకటించే సదుపాయం 2001లో ఖరారైన సర్వ్‌లెట్ 2.3తో వచ్చింది, స్ప్రింగ్ అందుకోసం ప్రత్యేకంగా ఒక వడపోతను సమకూర్చింది. తెర మీది మాటలను కోడ్ నుంచి విడదీసి వేరే ఫైలులో పెట్టి, భాషకొక ఫైలు చొప్పున మార్చే ఏర్పాటు స్ట్రట్స్‌లో మొదటినుంచీ ఉంది. కాని ఆ ఫైలు కూడా యూరపు అక్షరాల పట్టికలోనే ఉండాలన్న జావా నియమం వల్ల ‘సూర్యాపేట’ అన్న ఒక్క పేరును తొమ్మిది సంకేతాలుగా, ఒక్కో సంకేతానికి ఆరు గుర్తుల చొప్పున, మొత్తం 54 గుర్తుల్లో రాయవలసి వచ్చేది. ఈ నియమం 2017లో వచ్చిన జావా 9 దాకా పోలేదు. ఆన్‌లైన్ పుస్తకాల దుకాణం కట్టిన వేలాది విద్యార్థుల్లో ఒక తెలుగు పుస్తకం పేరును ఆ జాబితాలో చూపాలని ఎవరినీ ప్రయోగశాల పుస్తకం అడగలేదు, ఇది దాని పెద్ద లోపం.

మార్చుకునే హక్కును తెలుగువారు వాడుకున్న చోటు జావా తరగతుల బయట ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్ట్‌వేరు మెనూలను, సందేశాలను స్వచ్ఛంద సేవకులు తెలుగు చేశారు. నాగార్జున వెన్న రూపొందించిన ‘పద్మ’ను ఆధారం చేసుకుని వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందించి, ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం సులభం చేశారు, వర్డ్‌ప్రెస్ తెలుగు అనువాదంలోనూ ఆయన పని ఉంది. హైదరాబాదులో 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ వ్యవస్థను తయారుచేస్తూ, ఇంజినీరింగు విద్యార్థులకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు శిబిరాలు నడిపింది. వీటిలో దేనికీ ఉద్యోగ ప్రకటనల్లో విలువ లేదు. అందుకే వీటి చరిత్ర అమీర్‌పేట బోర్డుల చరిత్రతో కలవకుండా పక్కపక్కనే నడిచింది.

ఫ్రేమ్‌వర్కుల ఆయుష్షు సిలబస్ ఆయుష్షు కన్నా తక్కువ. 2013 ఏప్రిల్‌లో అపాచీ సంస్థ స్ట్రట్స్ మొదటి తరానికి స్వస్తి చెప్పింది. విశ్వవిద్యాలయం అదే ఏటి సిలబస్‌లో పీహెచ్‌పీ అనే మరో వెబ్ భాషను చేర్చింది. వేరే కోడ్ ఆధారంగా వచ్చిన స్ట్రట్స్ రెండో తరంలోని ఒక లోపాన్ని 2017 మార్చిలో సరిదిద్దినా, అమెరికా రుణ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ ఆ సవరణను వేళకు పెట్టుకోలేదు, సుమారు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు దొంగల చేతికి పోయాయి. ఆకృతీకరణ ట్యాగులు కంఠస్థం చేయించిన చదువు ఇలాంటి నిర్వహణ బాధ్యతను నేర్పలేకపోయింది.

ఈ పట్టణాల యువత అమీర్‌పేటలో స్ట్రట్స్ నేర్చుకుంటున్న కాలంలోనే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, జనాభాలో సూర్యాపేటకు దరిదాపుల్లో ఉండే లారెన్స్ పట్టణపు దినపత్రికలో, ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో తమ పత్రిక అవసరాల కోసం ఒక ఫ్రేమ్‌వర్క్ రాసుకున్నారు. 2005 జూలైలో అది జాంగో పేరుతో అందరికీ విడుదలైంది. వారికి కలిసివచ్చినది తెలివి ఒక్కటే కాదు: ఊరి ఆటల ఫలితాలు, ఎన్నికల లెక్కలు గంటల్లో పేజీ మీదికి ఎక్కించాలన్న స్థానిక గిరాకీ, ఆ పనికి జీతమిచ్చే యజమాని. సూర్యాపేటలో, కోదాడలో రాయగలిగినవారు ఉన్నారు గాని, వారితో రాయించుకునేవారు వేల మైళ్ల దూరంలో ఉన్నారు. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయింది, 2023 అక్టోబరులో అక్కడ ఐటీ హబ్ ప్రారంభమైంది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. హబ్ వల్ల హైదరాబాదు బస్సు అవసరం కొందరికి తప్పవచ్చు గాని, అక్కడ రాసే కోడ్ ఏ ఊరి పనికోసమో నిర్ణయించేది ఇప్పటికీ ఆ దూరపు ఖాతాదారులే.