గుర్రం నడిచిన గట్టు మీద సైకిల్

కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద పాత వంతెన ఎదురైతే సైకిల్ దిగి, కమాను మూలను ఒకసారి చేత్తో తడిమి చూడాలి. రాతి అంచులో నున్నటి గాడులు ఒకదాని పక్కన ఒకటి వేలికి తగులుతాయి. పాత బావి ఒర మీద చేదతాడు చేసిన గుర్తులు చూసినవాళ్ళకి వాటి కథ వేరే చెప్పక్కర్లేదు. తడిసిన తాడుకి గట్టు మీది ఇసుక అంటుకునేది. ఆ తాడు వంతెన మలుపులో రాతిని ఒరుసుకుంటూ పోయేది. దానికి ఒక చివర సరుకు పడవ, మరో చివర గట్టు మీద నడిచే గుర్రం. ఏళ్ళ తరబడి అదే మూల, అదే ఒరిపిడి. రాయి అరిగిపోకుండా ఇనప పట్టీలు బిగించిన చోట తాడు ఆ ఇనుమునీ కోసేసింది.

దక్షిణ ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నుంచి రీడింగ్ దాకా 87 మైళ్ళు, అంటే దాదాపు 140 కిలోమీటర్లు సాగే జలమార్గం ఇది. దారిలో 105 లాకులు. తూర్పున కెనెట్ నదిని 1723 నాటికి, పడమట ఏవన్ నదిని 1727 నాటికి పడవలు తిరిగేలా సరిచేశారు. మధ్యలో మిగిలిన 57 మైళ్ళనీ 1794 నుంచి 1810 వరకు తవ్వి కలిపారు. ఇంజనీరు జాన్ రెన్నీ. బండి మీద రెండు టన్నులు లాగడానికి ఆయాసపడే గుర్రం నీటి మీద ముప్పై టన్నులకు పైగా తేలిగ్గా లాగేస్తుంది. ఆ లెక్క మీదే ఇంత కాలువా లేచింది.

గుర్రానికి కావలసింది తెంపు లేని, ఎత్తుపల్లాలు లేని దారి. నీరు వాలుని ఎలాగూ ఒప్పుకోదు. అందుకని రెన్నీ కొండల అంచులు పట్టుకుని, ఒకే మట్టంలో మెలికలు తిరుగుతూ కాలువను నడిపించాడు. తప్పనప్పుడే లాకులు కట్టాడు. చుట్టూ కొండలూ గుట్టలూ లేస్తూ పడుతూ ఉన్నా గట్టు మాత్రం చదునుగా పోతుంది. సైకిల్ తొక్కేవాడికి అంతకన్నా ఏం కావాలి! గొలుసుతో వెనక చక్రం తిరిగే నేటి తరహా సైకిల్ 1885లో కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేతుల మీదుగా స్థిరపడే నాటికే ఈ గట్టుకి ముప్పావు శతాబ్దం వయసు. అయినా దాన్ని సైకిళ్ళకి వెంటనే ఎవరూ తెరవలేదు. గట్టు కాలువ యాజమాన్యానిది. దాని మీద సైకిల్ తొక్కాలంటే మొన్నమొన్నటి దాకా అనుమతి చీటీ దగ్గర ఉంచుకోవలసి వచ్చేది. ఇప్పుడు బ్రిటన్ జాతీయ సైకిల్ మార్గాల్లో 4వ నంబరు దారి చాలా మేరకు ఈ గట్టు వెంటే పోతుంది.

బ్రిస్టల్ నుంచి బయల్దేరితే బాత్ నగరం వరకు తొక్కేది కాలువ గట్టు కాదు, ఒక పాత రైలు కట్ట. మిడ్‌లాండ్ రైల్వే వేసిన ఆ లైను 1960లలో మూతపడింది. 1977లో బ్రిస్టల్‌లో కొందరు సైకిల్ ప్రేమికులు సంఘం పెట్టుకుని, 1979-86 మధ్య ఆ 13 మైళ్ళనీ సైకిల్ బాటగా మార్చారు. దేశమంతటా సైకిల్ దారులు చూసే, చాలాకాలం సస్ట్రాన్స్ అన్న పేరుతో నడిచిన సంస్థ ఆ సంఘం నుంచి పుట్టిందే.

బాత్‌లో సిడ్నీ గార్డెన్స్ అనే విహారవనం మధ్యనుంచి కాలువ పోతుంది. అక్కడి రెండు పోత ఇనుము వంతెనల మీద 1800 అనే అంకెలు ఇప్పటికీ చదవవచ్చు. ఎదురుగా ఉన్న సిడ్నీ ప్లేస్‌లోనే 1801 నుంచి కొన్నేళ్ళు నవలాకారిణి జేన్ ఆస్టెన్ కాపురముంది. ఊరు దాటాక కాలువ ఏవన్ లోయ అంచునే సాగి, ఒకచోట ఉన్నట్టుండి మలుపు తిరిగి నది మీదుగా ఆ ఒడ్డుకి దాటుతుంది. నది మీద నీళ్ళ వంతెన, దాని మీద పడవలు. 1805లో పూర్తయిన ఈ మూడు కమానుల కట్టడం పేరు డండాస్ అక్విడక్ట్. కాలువ కంపెనీ మొదటి అధ్యక్షుడు చార్లెస్ డండాస్ పేరు పెట్టారు. ఇటుకతో కడదామని రెన్నీ అన్నాడు. పక్కనే గనుల్లో రాయి ఉండగా ఇటుకెందుకని కంపెనీ పెద్దలు పట్టుబట్టారు. ఆ రాయి మంచుకి పగిలింది, పెచ్చులూడింది. మరికాస్త ముందుకెళితే ఏవన్‌క్లిఫ్ దగ్గర ఇలాంటి మరో వంతెన నడిమి కమాను కట్టిన కొద్దికాలానికే కుంగింది. ఆ కుంగుడు ఇవాళ్టికీ కంటికి కనిపిస్తుంది.

డండాస్ దగ్గర ఇంకో పాయ వచ్చి కలిసేది. సోమర్సెట్ బొగ్గు గనుల కాలువ అది. దాని సర్వేకి కుదిరిన కుర్రాడు ఒక కమ్మరి కొడుకు, పేరు విలియం స్మిత్. కాలువ దారి కొలుస్తూ, తవ్విన కోతలు చూస్తూ తిరిగినవాడికి ఒక సంగతి పట్టుబడింది. నేల కింద పొరలు ఎక్కడ చూసినా ఒకే వరసలో ఉన్నాయి. అన్నీ తూర్పుకి కాస్త వాలి ఉన్నాయి. ఏ పొరకి ఆ పొరలోనే ప్రత్యేకమైన శిలాజాలు దొరుకుతున్నాయి. శిలాజాన్ని చూసి పొరని చెప్పవచ్చు! 1799లో ఆ బొగ్గు కాలువ కంపెనీ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అతను మాత్రం దేశమంతా తిరిగి 1815లో ఇంగ్లండ్, వేల్స్‌ల భూగర్భ పటాన్ని అచ్చు వేయించాడు. నాలుగేళ్ళకు అప్పులకింద జైలుపాలయ్యాడు. 1831లో గానీ జియలాజికల్ సొసైటీ అతన్ని పిలిచి తన మొట్టమొదటి వొల్లాస్టన్ పతకం ఇవ్వలేదు. ఈ లోయలో సైకిల్ తొక్కుతూ ఒక గుట్ట తర్వాత ఒక గుట్ట తూర్పుకి ఒరిగినట్టు కనిపిస్తుంటే, చదువుకోని కళ్ళతో దాన్ని మొదట చదివినవాడు గుర్తుకు రాక మానడు. ఈ దారిలో నా మనసుకి అందరికన్నా దగ్గరి మనిషి అతనే.

డివైజెస్ ఊరి ముందు చదును దారి అయిపోతుంది. ఎదురుగా కేన్ హిల్. రెండు మైళ్ళలో 237 అడుగులు ఎక్కాలి. 29 లాకులు. వాటిలో 16 ఒకే గీత గీసినట్టు కొండ మీదికి బారులు తీరి ఉంటాయి. గోదావరి జిల్లాల లాకులు ఎరిగినవాళ్ళకైనా అన్ని తలుపుల్ని ఒక్కచూపులో చూడటం కొత్తే. లాకుకీ లాకుకీ మధ్య నీరు నిలవడానికి చోటు చాలక రెన్నీ ఒక్కొక్క లాకు పక్కన ఒక్కొక్క వెడల్పాటి చెరువు తవ్వించాడు. పైలాకు ఖాళీ చేసిన నీరు ఆ చెరువులో నిలిచి కింది లాకుకి అందుతుంది. ఇటుకలకు మట్టి అక్కడే తవ్వి అక్కడే కాల్చారు. లాకులు పూర్తయిన 1810 వరకు సరుకుని గుర్రాలు లాగే పట్టాల బండ్ల మీద కొండెక్కించేవారు. ఆ పట్టాలు దూరిన చిన్న కమానులు రోడ్డు వంతెనల పక్కన ఇంకా ఉన్నాయి. పడవకి ఈ కొండ సగం రోజు పని. సైకిల్ పావుగంటలో ఎక్కేస్తుంది. లాకు తలుపు దూలాన్ని వీపుతో నెడుతున్నవాళ్ళని చూస్తే మాత్రం దిగి ఒక చెయ్యి వేయాలనిపిస్తుంది.

1841లో లండన్-బ్రిస్టల్ రైలు వచ్చింది. కాలువ కంపెనీ రేట్లు తగ్గించి నెట్టుకొచ్చింది గానీ 1852లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కాలువని కొనేసింది. సరిగ్గా అదే ఏడు మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ కాలువల్ని పొలాలకి నీళ్ళుగానూ, పడవలకి దారిగానూ కలిపే చూశాడు. హిందూ దేశానికి రైళ్ళకన్నా పడవ కాలువలే మేలని జీవితమంతా రాస్తూ వాదిస్తూనే ఉన్నాడు. సొంతగడ్డ మీద కాలువలు రైలు చేతికి పోతున్న కాలంలో ఆయన ఇక్కడ ఏలూరు మీదుగా గోదావరినీ కృష్ణనీ కలిపే జలమార్గాల గురించి ఆలోచించాడు. ఆ పడవలు మన దగ్గరా పోయాయి. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువల్ని గోదావరి, కృష్ణలతో కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పడవల మాట ఎలా ఉన్నా, డెల్టా కాలువ గట్లు ఆక్రమణల్లో, చెత్తలో తెగిపోకుండా ఊరినీ ఊరినీ కలిపి ఉంచితే చాలు. రోజూ బడికీ పొలానికీ సైకిల్ మీద పోయేవాళ్ళకి అవి ఇప్పటికే దారులు. ఇంగ్లండ్‌లో సెలవుల సరదాగా మిగిలినది మనకి నిత్యావసరం. ఆ సంగతి నీటి పారుదల శాఖ నుంచి పంచాయతీ వరకు అందరూ పట్టించుకోవాలి.

కెనెట్ అండ్ ఏవన్ కూడా చస్తూ బతికింది. 1877 నుంచి దానికి లాభం లేదు. 1926లో మూసేస్తామని రైల్వే అడిగితే జనం ఒప్పుకోలేదు. 1948లో ప్రభుత్వపరమయ్యాక మళ్ళీ మూత మాట వచ్చింది. 1956లో ఇరవై వేలకు పైగా సంతకాల అర్జీని నీటి మీదే బ్రిస్టల్ నుంచి లండన్‌కి మోసుకెళ్ళారు. ఆనాటికి చాలాచోట్ల లాకులు శిథిలమై, కాలువ ఎండి, రెల్లు మొలిచి ఉంది. తర్వాత స్వచ్ఛంద కార్యకర్తలు శని, ఆదివారాల్లో బురద తోడారు, గోడలు కట్టారు. 1990 ఆగస్టులో ఎలిజబెత్ రాణి కేన్ హిల్‌కి వచ్చి కాలువని తిరిగి తెరిచారు. గట్టు నిలిచిందంటే ఆ మొండితనం వల్లే.

డివైజెస్ దాటాక పదిహేను మైళ్ళు ఒక్క లాకు లేదు. గట్టు గడ్డిబాట అవుతుంది. సైకిల్ మార్గం కాలువని వదిలి ప్యూసీ లోయ పల్లె రోడ్లు పడుతుంది. ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు. సుద్ద కొండలు, వాటి మీద గడ్డి చెక్కి గీసిన తెల్ల గుర్రాలు. ఆల్టన్ బార్న్స్ గుర్రం 1812 నాటిది. దాన్ని గీసే పని ఒప్పుకున్న చిత్రకారుడు ఇరవై పౌన్లు ముందే పుచ్చుకుని మాయమయ్యాడు. పని పురమాయించిన రైతే పూర్తి చేయించుకోవలసి వచ్చింది. విల్కాట్ దగ్గర 1808 నాటి లేడీస్ బ్రిడ్జి చెక్కడాలతో మెరిసిపోతుంది. తన భూమిలోంచి కాలువ పోవాలంటే 500 పౌన్లతో పాటు అందమైన వంతెన, వెడల్పాటి కొలను కావాలని సుసన్నా రాటన్ దొరసాని పట్టుబట్టి సాధించుకుంది.

బ్రూస్ సొరంగం కూడా అలాంటి పట్టుదల ఫలితమే. రెన్నీ లోతుగా కోత తవ్వుదామంటే ఎయిల్స్‌బరీ ప్రభువు సొరంగమే కావాలన్నాడు. 502 గజాలు. లోపల గట్టు లేదు. గుర్రాన్ని కొండ మీదుగా నడిపించి, పడవవాళ్ళు గోడకు వేలాడే గొలుసు పట్టుకుని చీకట్లో లాక్కుంటూ పోయేవారు. ఆ పక్కనే క్రాఫ్టన్‌లో 1812 నాటి బౌల్టన్ అండ్ వాట్ ఆవిరి యంత్రం కాలువ శిఖరానికి నీరెత్తేది. ఇప్పటికీ ఆవిరి పెట్టిన రోజుల్లో ఎత్తుతుంది. బిగించిన చోటే, బిగించిన పనే చేయగల యంత్రాల్లో లోకంలోకెల్లా పాతది అదే. కాలువ నీళ్ళు లాక్కోవడంతో బెడ్విన్ వాగు మీది పిండి మరలు ఆగిపోయాయి. వాటి బదులు 1821లో దగ్గరి విల్టన్ గుట్ట మీద గాలిమర కట్టారు. ఆ మర ఇంకా గోధుమలు విసురుతోంది.

న్యూబరీ దిగువన గట్టు వెంట కాంక్రీటు తుపాకీ గూళ్ళు కనిపిస్తాయి. 1940లో జర్మన్లు దిగితే ఆపడానికి ఈ కాలువనే అడ్డుగోడగా ఎంచుకున్నారు. ఇక రీడింగ్. కెనెట్ నదిని సరిచేసే పని జరుగుతున్న 1720లో, వ్యాపారం తమని దాటి న్యూబరీకి పోతుందన్న కోపంతో మేయరే ముందుండి మూడు వందల మందితో వచ్చి కట్టడాల్ని ధ్వంసం చేసిన ఊరిది. కెనెట్ నది థేమ్స్‌లో కలిసే మొగలో పడవ గుర్రాలు దాటడానికి చోటు లేకుండా రైలు వంతెన నిలిచి ఉండేది. 1892లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన వంతెన పక్కనే గుర్రాల కోసం చెక్క తొడిగిన ఒక ఇనప వంతెన తగిలించింది. దాని పేరు హార్స్‌షూ బ్రిడ్జి. థేమ్స్ వెంట లండన్ వైపు పోయే సైకిళ్ళు ఇప్పుడు దాని మీదుగానే దాటుతున్నాయి.