పావలాతో గిటార్

ఖాజీపేటలో మార్చి నెల సాయంత్రం. ఎండ దిగిపోయినా మిద్దె గచ్చు ఇంకా అరికాళ్ళను కాలుస్తూనే ఉంది. రోడ్డు మీద మైదుకూరు వైపు పోయే లారీలు గేర్లు మారుస్తున్నాయి. ఎవరి కల్లంలోనో పసుపు ఉడుకుతోంది, ఆ ఘాటు మిద్దె దాకా ఎక్కి వస్తోంది. చాప మీద కూర్చోండి. మూలన గోడకు ఆనించి రెండు గిటార్లున్నాయి. ఒకటి ఈ ఇంటి పిల్లవాడిది, కర్ర గిటార్. రెండోది ఎలక్ట్రిక్, ఆదివారం ఆరాధనకు వాయించేది, సాధన కోసం చర్చి నుంచి తెచ్చుకున్నాడు. ఈ పక్క పల్లెల్లో గిటార్ నేర్చుకున్న కుర్రాళ్ళను అడిగి చూడండి, చాలామంది మొదటి కార్డ్ చర్చిలోనే పట్టి ఉంటారు.

ప్లాస్టిక్ పిక్ మళ్ళీ పోయింది. జేబులో పెట్టుకున్న పిక్ చాకిరేవు దాటి వెనక్కి రాదు. వాడు కిందికి పోయి అవ్వ చిల్లర డబ్బా తెచ్చి చాప మీద బోర్లించాడు. అందులోంచి రెండు పావలా బిళ్ళలు ఏరి మీ చేతిలో పెట్టాడు. ఒకదాని మీద ఖడ్గమృగం బొమ్మ ఉంది, అది స్టెయిన్‌లెస్ స్టీలుది. ఇంకొకటి అంతకు ముందుది, రాగిలో నికెల్ కలిపి చేసింది, అంచు చుట్టూ సన్నటి గీతలు. రెండూ 19 మిల్లీమీటర్ల బిళ్ళలే. 2011 జూన్ 30తో రెంటికీ చెల్లుబాటు పోయింది.

ముందు ఖడ్గమృగం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కర్ర గిటార్ మీద జీ కార్డ్ పట్టి పై నుంచి కిందికి ఒక్కసారి లాగండి.

చెవిలో పడింది సంగీతం కాదు, టిన్ను మీద గీకిన చప్పుడు. ఆరు తీగలూ మోగాయి గానీ, ప్రతి తీగకూ ముందు టిక్కుమనే శబ్దం ఒకటి వచ్చింది. "ఏందిరా అది, రేకుల షెడ్డు పీకుతాండావా?" అని కింది నుంచి వాళ్ళ నాయన అరిచాడు.

"మెల్లగా కొట్టన్నా. ఇది వంగదు గదా," అన్నాడు పిల్లవాడు.

సంగతంతా అక్కడే ఉంది. ముప్పావు మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ పిక్ తీగకు తగలగానే కొంచెం వంగుతుంది, ఆ తర్వాతే జారి వదిలిపెడుతుంది. మీరు మోటుగా కొట్టినా ఆ వంపు సగం దాన్ని మింగేస్తుంది. లోహం ఏమీ మింగదు. మీ మణికట్టు ఎంత బిగుసుకుంటే అంతా తీగ మీదికి పోతుంది, అదీ గట్టి అంచు నుంచి ఠక్కున విడిచిపెట్టినట్టు. అందుకే పై స్థాయి అనుస్వరాలు ఎక్కువ పుట్టి ధ్వని అంత పదునుగా వస్తుంది. ఇప్పుడు బిళ్ళను వేళ్ళ నుంచి చాలా కొద్దిగా బయటికి రానిచ్చి, పట్టు వదులు చేసి, ఒక్క సన్న తీగనే మీటి చూడండి. వచ్చింది చూశారా? ప్రతి స్వరం విడివిడిగా, ముక్కుసూటిగా. స్పీకరు లేకున్నా పక్క మిద్దె దాకా వినబడుతుంది. వేగంగా మీటేటప్పుడు కూడా చేతికీ స్వరానికీ మధ్య ఆలస్యం ఉండదు, వంగి మళ్ళీ లేచే పని పిక్‌కు లేదు కాబట్టి.

నాలుగు నిమిషాలు గడిచేసరికి వేళ్ళకు చెమట పట్టింది. నున్నటి స్టీలు బిళ్ళ పక్కకు తిరిగింది, మళ్ళీ తిరిగింది, చివరికి గిటార్ పొట్టలో పడిపోయింది. గిటార్‌ను తలకిందులు చేసి ఊపుతుంటే లోపల గలగల. కడప జిల్లా వేసవిలో వాయించేవాళ్ళకు ఈ ఒక్క బాధ చాలు, లోహం మీద మోజు తీరడానికి.

గీతల అంచు ఉన్న పాత పావలా అంత తేలిగ్గా జారదు. దీనికి దగ్గరి చుట్టం ఇంగ్లండులో ఉంది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే ఎన్నో ఏళ్ళుగా ఆరు పెన్నీల నాణెంతోనే వాయిస్తాడు. చిన్నప్పుడు పంచగని బడిలో చదువుకున్న ఫ్రెడ్డీ మెర్క్యురీ పాడిన బృందమే అది. ఆ నాణెం కొలత మన పావలాకు ఇంచుమించు సమానం, 19 మిల్లీమీటర్ల పైన చిన్న పిసరు. దానికీ అంచు గీతలున్నాయి, అదీ రాగి-నికెలే. చెల్లుబాటు పోయింది కూడా జూన్ 30తోనే, కాకుంటే 1980లో. 1993లో ఆయన పర్యటన కోసం రాయల్ మింట్ ప్రత్యేకంగా ఆరు పెన్నీల బిళ్ళలు ముద్రించింది. తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి కర్రతో గిటార్ చేసుకున్న మనిషి నాణెంతో వాయించడం వింతేమీ కాదు. బిళ్ళను తీగకు సమంగా ఆనిస్తే స్వరం తేటగా వస్తుంది, కాస్త ఏటవాలుగా తిప్పితే అంచు గీతలు తీగను రాచి గరగరమనే మొదలు ఒకటి వస్తుంది. ప్లాస్టిక్‌తో ఆ గరగర తెప్పించడం కష్టం.

ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ అందుకోండి. చిన్న యాంప్లిఫయర్ ఆన్ అయింది. ఖడ్గమృగం బిళ్ళతో పికప్ దగ్గరగా వాయిస్తుంటే చెయ్యి ఎవరో లాగినట్టవుతుంది. టప్పుమని బిళ్ళ పోయి పికప్‌కు అతుక్కుంది, స్పీకరులో ఢబ్బుమంది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే అందులో కరెంటు పుడుతుంది. పైన కదిలేది గిటార్ తీగా, మీ చేతిలో పావలానా అని దానికి పట్టదు. రాగి-నికెల్ పావలాను అయస్కాంతం లాగదు. దానితో ఈ గోల లేదు.

దీపం కింద కర్ర గిటార్ తీగలను చూడండి. "తెగిపోతాయిరా, సెట్టు ఎంతో తెలుసునా?" అంటూ నాయన మిద్దెకు వచ్చేశాడు. ఆయన భయం సగమే నిజం. సన్న తీగలు రెండూ గట్టి ఉక్కు, వాటి మీద పావలానే అరుగుతుంది. దెబ్బ తినేది లావు తీగలు నాలుగు. వాటికి పైన చుట్టిన కంచు స్టీలు కన్నా మెత్తన. రాపిడికి బంగారు రంగు పొడి రాలి బిళ్ళ అంచుకూ, మీ వేళ్ళకూ అంటుకుంది. రోజూ ఇట్లా స్ట్రమ్మింగ్ చేస్తే చుట్టు చదునైపోయి ధ్వని మూగబోతుంది. గుంత పక్కన చెక్క మీద అప్పుడే నాలుగు తెల్ల గీతలు పడ్డాయి, ఇక అవి పోవు. నైలాన్ తీగల గిటార్ దగ్గరికైతే లోహాన్ని అసలు తీసుకుపోవద్దు, కోసేస్తుంది.

నాయనకు తంబుర వాయించే అలవాటుంది, బ్రహ్మంగారి మఠంలో తత్వాలు పాడేవాళ్ళతో కూర్చునేవాడట. "తీగకు వేలు చాలదా? ఇనుము మీద ఇనుమెందుకు?" అన్నాడు. ఆ మాటకు సితార్ వాళ్ళు ఒప్పుకోరు. వేలికి ఉక్కు తీగ మిజ్రాబ్ తొడగనిదే వాళ్ళ పని సాగదు. వీణ వాయించేవాళ్ళలో కూడా కొందరు వేళ్ళకు లోహం తొడుగుతారు. కానీ అక్కడ మీటేది ఒక్కో తీగను, ఆరు తీగలను కలిపి కొట్టడం కాదు. సరోద్ వాళ్ళు చూడండి, తీగలు లోహానివే, చేతిలో మాత్రం కొబ్బరి చిప్ప ముక్క. నన్నడిగితే నాయన పక్షాన నిలబడేది సరోదే.

నా లెక్క ఇంతే. కార్డులు కొట్టి పాటకు తోడు పోవడానికి లోహం పనికిరాదు, మధ్యలో ఒంటి తీగ మీద వచ్చే ముక్కకు మాత్రం బాగుంటుంది. నేర్చుకునేవాడికి ఇంకో లాభం, చెయ్యి ఎక్కడ బిగుస్తోందో అది దాచకుండా చెబుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు పాత పావలాతో సాధన చేసి, మళ్ళీ ప్లాస్టిక్‌కు మారమని పిల్లవాడికి చెప్పాను. వాడు తల ఊపుతూనే గిటార్ పొట్టలో చెయ్యి పెట్టి ఖడ్గమృగం కోసం వెతుకుతున్నాడు.

"రేపు కడపకు పోతాండా. పిక్కులు తెచ్చేదా, తీగలు తెచ్చేదా?" అని నాయన అడిగాడు.

"రెండూ తే నాయనా. పిక్కులు మాత్రం పది తే."