యారాడ రాతిగుంటనుండి గాజుతొట్టెకు

యారాడ కొండచాటున, పాటువేళ రాతిగుంటలలో నిలిచిపోవు నీటిని చూచినపుడెల్ల, సముద్రమును ఇంట బంధింపవలెనన్న మానవుని కోరిక నాకు స్ఫురించును. ఈ తీరపు మత్స్యములను పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించి, దేశీయ చిత్రకారునిచే వ్రాయించి, స్థానిక నామములతోనే 1803లో లండనున రెండు సంపుటములుగా ప్రకటించెను. అవి ఎంత ముచ్చటైనవైనను కాగితముపై చిత్తరువులే కదా! సజీవదర్శనమునకు 1853లో లండను జంతుశాలయందలి మత్స్యగృహమును, దక్షిణాపథమున 1909లో మదరాసు మెరీనా ఒడ్డున వెలసిన ప్రదర్శనశాలయును దారి తీసినవి. పగడపుతోట గృహమున నిలుచుట మరింత దుష్కరము. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, రంధ్రమయములగు జీవశిలలను పేర్చి గాలిబుడగలు పంపు ఉపాయమును 1961లో లోకమునకు వెల్లడించెను. శిలాంతర్గతములైన సూక్ష్మజీవులే మత్స్యవిసర్జితమగు అమోనియాను హరించును. వేయి లీటర్ల ఉప్పునీరు టన్నుకు పైబడి తూగును గనుక, ఇంట గాజుతొట్టెను నిలుపు నేల గట్టిదనము ముందుగా చూడవలెను. పగడములను మాత్రము మన తీరమునుండి పెరుకరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నేడు వానిని పులి సరసన నిలిపినది.