శబరి ఎగదన్నిన ఆగస్టు

వాయుగుండమంటే మనకు సముద్రపు రేవులే గుర్తొస్తాయి. సముద్రం ఎరగని బస్తరు పడవవాళ్ళకూ దాని దెబ్బ తగిలింది. 1986 ఆగస్టులో బంగాళాఖాతం వాయుగుండం తెచ్చిన వానలకు 16వ తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే! కూనవరం దగ్గర గోదావరిలో కలవాల్సిన శబరి, దారిలేక కుంట వైపు ఎగదన్నింది. కుంట అప్పట్లో మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా ఊరు, ఇప్పుడు సుక్మా జిల్లా. తెలుగు బాగానే వినిపిస్తుంది.

ఎగపోటు నీరు ఉరకదు, చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంది. ఫౌజీగా నాకు ఇలాంటి శత్రువంటేనే ఎక్కువ భయం. గుంజకు బిగించి కట్టిన నాటుపడవకు తాడు వదులుతూ పోకపోతే కట్టినచోటే మునుగుతుంది. అంటే రాత్రంతా సంత్రీ డ్యూటీయే. నీళ్ళు తీశాక ఒండ్రులో రేవు వెతుక్కోవడం మరో పాట్లు.

2022 జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులు. కుంటలోకి మళ్ళీ నీళ్ళొచ్చాయి, రోడ్డు తెగింది, పడవే దిక్కయింది.