నేల వెల, చేతి కూలి: శాన్‌ఫ్రాన్సిస్కో గృహచరిత్ర

నలుగురు మనుష్యులున్న కుటుంబము సంవత్సరమునకు 1,17,400 డాలర్లు ఆర్జించుచున్నను దానిని అల్పాదాయ కుటుంబముగనే పరిగణింపవలెనని అమెరికా కేంద్రప్రభుత్వ గృహనిర్మాణశాఖ 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమునకు హద్దు నిర్ణయించినప్పుడు, ఆ యంకెను పత్రికలలో చూచిన దూరదేశములవారు పలువురు అచ్చుతప్పని భావించియుందురు. తప్పేమియు లేదు. 2020లో ఆ నగరమున రెండు పడకగదుల యింటికి అదే శాఖ అంచనా కట్టిన అద్దె నెలకు 3,339 డాలర్లు; ఆదాయములో నూటికి 30 వంతులకు మించకుండ అది చెల్లింపవలెనన్నచో గంటకు 64 డాలర్ల కూలి రావలెను; నగరశాసనము విధించిన కనీసవేతనమో, 16 డాలర్లకు అటునిటు. ఈ 30 వంతుల కొలతయైనను పూర్వము ఇంకను చిన్నదిగ నుండెడిది. వారము జీతము నెల యద్దెకు సరిపోవలెనని అమెరికా సంసారులు తరతరములుగా లెక్కవేసికొనుచుండిరి; ప్రభుత్వగృహములందలి అద్దెదార్లకు 1969లో కాంగ్రెసు 25 వంతులే హద్దుగా విధించి, 1981లో దానిని 30కి పెంచినది.

ఇంత ధనసమృద్ధిగల నగరమున కూలికిని కొంపకును ఈ యెడబాటు ఎట్లు కలిగెనని యడిగినచో, మూడువైపుల నీరు, నడుమ చారెడు నేల, నలుదిక్కులనుండి వచ్చిపడు జనము అను సమాధానము సులభముగ లభించును. నీరు 1848లోను అక్కడనే యున్నది. తక్కిన కథ మనుష్యులు నడిపినది.

ఆ యేడు జనవరిలో కొలోమావద్ద బంగారము బయల్పడుటకు పూర్వము వేయిమంది కంటె హెచ్చు లేని ఆ రేవుపల్లెలో 1849 అంతమునకు ఇరువదివేలకు పైగా జనము క్రిక్కిరిసిరి. పార్కర్ హౌస్ అను ఒక కొయ్యకట్టడమునకు సంవత్సరపు అద్దె 1,10,000 డాలర్లని ఆనాడు అచ్చటికి పోయిన యాత్రికుడు బేయర్డు టేలర్ వ్రాసిపెట్టినాడు. నావికులు గనులకు పరుగిడగా రేవులో అనాథలై నిలిచిన యోడలలో నయాంటిక్ అనుదానిని ఒడ్డునకు లాగి, ప్రక్కలకు ద్వారములు కోసి, పైన కప్పు వేసి, సరకుల కొట్టుగను బసగను వాడుకొనిరి. కూలి రేట్లు ఆకాశమున నుండెను. కాని కూలివాడు రాత్రి తలదాచుకొను చోటి వెల ఇంకొక మెట్టు పైననే యుండెను. ఈ వెల పోటీ అప్పటినుండియు తెగలేదు.

దానిని మొదట నిదానించి చూచి, కారణమేమని తన్ను తాను ప్రశ్నించుకొన్నవాడు హెన్రీ జార్జి. ఫిలడెల్ఫియాలో 1839లో పుట్టి, 1858లో కాలిఫోర్నియా చేరి, అచ్చుకూటములలో కంపోజిటరుగ పొట్టపోసికొనుచు, 1865లో రెండవబిడ్డ పుట్టిననాడు ఇంట గింజ లేక, వీధిలో ఎదురైన అపరిచితుని 5 డాలర్లు యాచించినవాడు. ఆ మనుష్యుడు ఇయ్యకున్నచో తానేమి అఘాయిత్యము చేసియుందునో తనకే తెలియదని వయసు మళ్లిన పిమ్మట చెప్పుకొనెను. అట్టివాడు 1870 ప్రాంతమున ఒకనాడు ఓక్లండు కొండలలో గుఱ్ఱముపై పోవుచు, దారిలో కనబడిన బండివానిని ఏదో మాట కలుపుటకై ఇచ్చట నేల యేమి పలుకుచున్నదని యడిగెను. బండివాడు దూరమున చుంచెలుకలంత కనిపించుచు మేయుచున్న ఆవులను చూపి, అదిగో, అక్కడ ఒకాయన ఎకరము వేయి డాలర్ల వంతున అమ్మునట అనెను. పశువుల మేతబీడు వేయి డాలర్లు! ఖండమునకు అడ్డముగ రైలుమార్గము 1869లో పూర్తియైనది. దానితో పని పెరుగుననియు కూలి పెరుగుననియు అందరును ఎదురుచూచుచుండగా, పెరిగినది నేల. నగరము రాబోవుచున్నదన్న యాశయే ధరగా మారి, ఆ నగరమును తమ చేతులతో కట్టబోవువారి కూలిని ముందుగనే తినివేయుచున్నదని జార్జికి ఆ గుఱ్ఱముపైననే తోచినదట. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చుండి వ్రాసిన 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ'ని 1879లో ఆయన ప్రకటించెను. ప్రకాశకులు వెనుదీయగా మిత్రుని అచ్చుకూటమున పని మొదలయ్యెను. తొలి పంక్తుల టైపును పాతపనివాడు తానే పేర్చికొనెను. శ్రమపై పన్నులన్నియు ఎత్తివేసి, నేలవెలపై ఒక్కటే పన్ను వేయుడని అందలి వాదము. 1886లో న్యూయార్కు మేయరు పదవికి నిలిచి రెండవ స్థానము పొందెను. మూడవవాడు, తరువాత అధ్యక్షుడైన థియొడోరు రూజ్‌వెల్టు.

1906 ఏప్రిల్ 18వ తేది భూకంపమును, వెంటనే చెలరేగిన అగ్నియును నగరవాసులలో సగముమందికి పైగా నిలువనీడ లేకుండ చేసెను. ఉద్యానవనములలోను ఖాళీస్థలములలోను ముందు గుడారములు లేచినవి. చలికాలము సమీపింపగా వాని స్థానమున 5,610 చిన్న కొయ్యయిండ్లు నిర్మింపబడెను. వానిలో మిక్కిలి చిన్నది పది యడుగుల వెడల్పు, పదునాలుగడుగుల పొడవు. గోడలకు పార్కు బల్లలకు వేయు ఆకుపచ్చ రంగు. అద్దె నెలకు 2 డాలర్లు. ఆ రెండును 50 డాలర్ల కొనుగోలు ధరలో జమ. ఆనాటి మోటుకూలివానికి ఆ నెలయద్దె ఒకటి రెండు దినముల కూలి. శిబిరములు మూసినప్పుడు కాపురస్థులు ఆ కొంపలను గుఱ్ఱపుబండ్లపై నెత్తించి, ఊరి యంచులలో చవుకగ దొరకిన నివేశనస్థలములకు చేర్చుకొని, రెండింటిని మూడింటిని కలిపి మేకులు కొట్టి సంసారములు సాగించిరి. నేటికిని కొన్ని మిగిలియున్నవి. చందాల ధనముతో కట్టిన ఆపద్ధర్మమే యైనను, ఆ నగరచరిత్రలో కూలియు కొంపయు అంత చేరువగ వచ్చిన ఘడియ మఱియొకటి కానరాదు.

పిదప పదియేండ్లకు, అఖాతమునకు ఆవలియొడ్డున విశ్వవిద్యాలయపురమైన బర్కిలీలో, ఒక్కొక్క స్థలమున ఒక్క కుటుంబపు ఇల్లు దప్ప మఱొకటి కట్టరాదని చెప్పు మండలవిభజన శాసనము 1916లో వచ్చెను. అట్టివానిలో దేశమున మొదటిదిగ దానిని గణింతురు. దాని పక్షమున వాదించినవారు చైనా జపాను జాతులవారి చాకలిశాలలను, నల్లవారి వినోదశాలలను తమ వీధులకు దూరముంచు సాధనమని దానిని బాహాటముగ మెచ్చుకొనిరి. 1926లో యూక్లిడు అను ఊరి వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్టి విభజనలు చెల్లునని తీర్పు చెప్పినది. ఒంటియిండ్ల పేటలో పలు కుటుంబముల భవనము పరాన్నభుక్కువంటిదని ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి జార్జి సదర్లండు. భారతీయ పాఠకుడు ఈ పేరును ఇతరత్ర వినియుండవచ్చును: మూడేండ్లకు ముందు, భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక అమెరికా పౌరులగుటకు అర్హులు కారని వ్రాసినదియు ఆ కలమే. పౌరులు కాదగనివారు వ్యవసాయభూమి కొనరాదని కాలిఫోర్నియా 1913లోనే చట్టము చేసియుండుటచే, ఆ తీర్పుతో అక్కడి పంజాబీ రైతులు తాము సాగుచేయు పొలములను మిత్రుల పేరను, వకీళ్ల పేరను పెట్టుకొనవలసివచ్చెను. 1946లో భారతీయులకు పౌరసత్వపు హక్కు దక్కెను. ఆ భూమి చట్టమును 1952లో రాష్ట్ర సర్వోన్నతన్యాయస్థానము కొట్టివేసెను. ఒంటియింటి శాసనము మాత్రము చెక్కుచెదరలేదు, ఊరూరను వ్యాపించినది.

దాని ఫలము వెంటనే తెలియలేదు, ఏలయన యుద్ధానంతరము బంజరు నేల ఇంకను మిగిలియుండెను. దేశమంతటి సొంతయిండ్ల మధ్యస్థవిలువ 1960లో 11,900 డాలర్లయి యుండగా కాలిఫోర్నియాలో 15,100 మాత్రమే. 1980 నాటికి దేశమున 47 వేలు, కాలిఫోర్నియాలో 84 వేలకు పైమాట. ఆ నడుమ జరిగిన పనులు చూడుడు. పెటలూమా పట్టణము ఏడాదికి ఇంచుమించు 500 ఇండ్లకు మించి కట్టనీయమని 1972లో తీర్మానించినది. శాన్‌ఫ్రాన్సిస్కో 1978లో నివాసపేటలలో అధికభాగమున 40 అడుగుల ఎత్తును హద్దుగ పెట్టినది. ఆ యేడు జూనులోనే, జార్జి గ్రంథము వెలువడిన 99 ఏండ్లకు, 13వ ప్రతిపాదన యనబడు శాసనమును రాష్ట్రపు ఓటర్లు మూడింట రెండు వంతులకు చేరువైన ఆధిక్యముతో నెగ్గించిరి. ఇంటిపన్ను విలువలో నూటికి 1. ఆ విలువ ఏటేట నూటికి 2 కంటె పెరుగరాదు. ఇల్లు చేతులు మారిననాడే కొత్తధర లెక్కకు వచ్చును.

ఆ దశాబ్దమందే కీర్నీ వీధిలోని ఇంటర్నేషనల్ హోటల్ కథయును నడచినది. యౌవనమంతయు పొలములలోను చేపల డబ్బాల కర్మాగారములలోను ధారవోసిన ఫిలిపినో ముదుసలులు, వారితో కొందరు చైనా వృద్ధులు, నెలకు 50 డాలర్ల చిల్లర అద్దెగల ఇరుకుగదులలో నుండిరి. ఆ కట్టడమును పడగొట్టదలచిన యజమానులతో వారు దాదాపు పదియేండ్లు పోరాడిరి. ఖాళీచేయించు ఉత్తరువు నెరవేర్పనని మొరాయించి షెరీఫు రిచర్డు హాంగిస్టో అయిదు దినములు చెరసాలలో కూడ నుండెను. కాని 1977 ఆగస్టు 4వ తేది తెల్లవారుజామున, వేలమంది చేయి చేయి పట్టుకొని గోడ గట్టి నిలువగా, పోలీసులు వారిని చీల్చుకొని లోనికి పోయిరి. గదుల తలుపులను సమ్మెటతో మోది పగులగొట్టినవారిలో ఆ హాంగిస్టోయును కలడు. భవనము కూల్చిన పిమ్మట స్థలము రెండు దశాబ్దములకు పైగా ఊరకే పడియుండినది. అదే చోట వృద్ధులకై కొత్త గృహము 2005లో తెరువబడెను. వెళ్లగొట్టబడినవారిలో బ్రదికియుండినవారు అప్పటికి కొలదిమందియే.

నా తలంపున, జార్జి రోగమును సరిగనే పట్టెను. రోగమును పోషించువారిని మాత్రము సరిగ ఊహింపలేదు. వేలకొలది ఎకరములు చేజిక్కించుకొని కూర్చున్న కొద్దిమంది భూస్వాములే ఆయన కంటికి కనబడిరి. ఒక్కొక్క ముక్క నేలగల లక్షలమంది ఉపాధ్యాయులు, పోస్టుమాన్లు, విశ్రాంత గుమాస్తాలు ఓటుహక్కుతో భూస్వామిపదవి పంచుకొందురని ఆయనకేమి తెలియును? వారిలో దుర్మార్గుడొక్కడును లేడు. పింఛనుపై బ్రదుకు ముసలమ్మ పన్ను కట్టలేక ఇల్లమ్ముకొనరాదన్న జాలియే ఆ ఓట్లలో పెక్కింటిని వేయించినది. ఆ జాలికి మూల్యము తరువాత వచ్చినవాని కూలినుండి వసూలగుచున్నది.

రాష్ట్రము 2021లో ఒంటియింటి స్థలములలో రెండేసి యిండ్లకు అనుమతించు చట్టము చేసినది. బర్కిలీ పురపాలకసభ తన పాతవిధానము జాతివివక్షతో పుట్టినదని ఒప్పుకొని, దానిని విడనాడుదుమని ఆ యేడే తీర్మానించినది. తీర్మానము వేఱు, ఇటుక వేఱు.

ఇక మనవారి సంగతి. 1990 దశకమునుండి ఫ్రీమాంటు, సన్నీవేలు, మిల్పిటాసు పట్టణములకు చేరిన తెలుగు ఇంజనీర్లు మొదట నలుగురొక అపార్టుమెంటులో సర్దుకొని, పిదప ఇండ్లు కొనిరి; వెనుక వచ్చినవారు తూర్పుగ లివర్మోరు దాటి, ఆల్టమాంటు కనుమకు ఆవల మౌంటెన్ హౌస్ దాక జరిగిపోయిరి. వారి జీతమును రూపాయలలోనికి మార్చి లెక్కించు ఇక్కడి బంధువులు అద్దెను మాత్రము మార్చి చూడరు. ఉదాహరణమునకు ఫ్రీమాంటులో ఒకే వీధిలో రెండు తెలుగు కుటుంబములను ఊహింపుడు: ఒకరు 1995లో రెండున్నర లక్షల డాలర్లకు, ఒకరు 2022లో 15 లక్షలకు, ఒకే కొలతలుగల ఇండ్లు కొనిరి. 13వ ప్రతిపాదన లెక్క ప్రకారము మొదటివారి మూలపన్ను ఏడాదికి 4,300 డాలర్లకు లోపే; రెండవవారిది 15,000. ఆ వీధిమొగలో అపార్టుమెంటు కట్టుదురన్న మాట వినబడినచో కార్లు నిలుపుటకు చోటుండదని పురపాలకసభకు విన్నపము వ్రాయుటలో మాత్రము ఇరువురకును భేదాభిప్రాయ ముండకపోవచ్చును.